ఈ వెలుతురు మొక్కలకు మాత్రమే

పాత రికార్డుల కార్యాలయం మూడో అంతస్తులో కొలువై ఉన్న పన్నెండు కుండీల మొక్కలకు తగినంత వెలుతురు అందడం లేదన్న సంగతి పెద్దసారి దృష్టికి వచ్చిన నలభై ఎనిమిది గంటల్లోగా అత్యవసర సమావేశం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అదే అంతస్తులో ఒక మనిషికి కూడా ఆరేళ్లుగా వెలుతురు అందడం లేదు. అయితే ఆవిడ ఆకులు పసుపురంగుకు తిరగలేదు కాబట్టి ఆ విషయం ఎవరి దృష్టికీ రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఆ మనిషిని ఆఫీసులో అందరూ నకళ్లక్కయ్య అంటారు. ఆవిడ పని చెప్పుకోడానికి చిన్నదే. ఎవరికో పుట్టిన తేదీ రుజువు కావాలి, ఇంకెవరికో తాతగారి ఇంటి హద్దులు కావాలి. వాళ్లు కిటికీ దగ్గరికొచ్చి దరఖాస్తు ఇస్తారు. అక్కయ్య లోపలి గదిలోంచి ఆ ఏటి రిజిస్టరు మోసుకొచ్చి, అందులో ఉన్నది చేత్తో చూసి రాసి, అడుగున "ఉన్నది ఉన్నట్టు రాసిన నకలు" అని రాసి సంతకం పెడుతుంది. దాని మీద సూపరింటెండెంటు ముద్ర కొడతాడు. ముద్ర పడ్డాక అందులో ఏముంటే అదే నిజం. ఆ తర్వాత బ్రహ్మ దిగివచ్చినా మార్చడానికి వీల్లేదని పెద్దసారి సర్క్యులరు ఉంది.

జిరాక్సు మిషను లేదా అని మీరడుగుతారు. భేషుగ్గా ఉంది. వాడితే పాడవుతుందని వాడరు.

ఇక కిటికీల మాట. కట్టడం ప్లాను ప్రకారం ఆ అంతస్తుకి ఏడు పెద్ద కిటికీలు ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట ఒక కిటికీకి అడ్డంగా ఒక బీరువా తాత్కాలికంగా పెట్టారు. దానికి తోడు ఉంటుందని రెండోది పెట్టారు. ఇప్పుడు ఏడు కిటికీలకీ పదకొండు బీరువాలు కాపలా కాస్తున్నాయి. ఇవికాక జనం దరఖాస్తులిచ్చే చిన్న కిటికీ మటుకు తెరిచే ఉంటుంది, అయితే అది వరండాలోకి తెరుచుకుంటుంది. దాని గుండా వచ్చేది వెలుతురు కాదు, అరుపులు. నకలు ఆలస్యమైందని, అక్షరం తప్పు పడిందని, ముసల్దానివయ్యావు ఇంటికి పొమ్మని, వచ్చినవాళ్లు వచ్చినట్టు అరిచి వెళ్తారు. అలా అరిచినవాళ్లలో మీరు ఉన్నారో లేదో మాకు తెలియదు. గుర్తుచేసుకోండి.

అక్కయ్య బల్ల మీద ఉండే ట్యూబులైటు ఆరేళ్ల కిందట ఆరిపోయింది. ఆవిడ మూడు అర్జీలు పెట్టుకుంది. మొదటి దానికి, సదరు ట్యూబులైటు సహజంగా ఆరిపోయిందా లేక వాడకం వల్ల ఆరిపోయిందా తెలపవలసిందిగా జవాబు వచ్చింది. రెండో అర్జీకి కళ్ల డాక్టరు చీటీ జతచేసింది. కంటికి జబ్బేమీ లేదు, మంచి వెలుతురులో చదవాలి అని డాక్టరు రాశాడు. ఆ చీటీలో మందు పేరు లేదు కాబట్టి చీటీ చెల్లదన్నారు. మూడో దానికి, ఉద్యోగులకు వెలుతురు అనే పద్దు బడ్జెట్లో లేదని తేల్చేశారు. మూడింటి మీదా పెద్దసారి సంతకం ముత్యాల్లా ఉంటుంది. ఒకసారి ఇంటినుంచి టేబులులైటు తెచ్చుకుంటే, ఆఫీసు కరెంటుతో సొంత దీపం వెలిగించడం దుర్వినియోగమని వెనక్కి పంపారు. ఫోనులో టార్చి వేసుకుందామంటే రికార్డుల గదిలోకి ఫోను నిషేధం. రిజిస్టరు పట్టుకుని వరండాలోకి వెళ్దామంటే రిజిస్టరు గడప దాటకూడదు. ఈ రెండు సర్క్యులర్లూ పెద్దసారివే. ఆయన రికార్డుల భద్రత అంటే ప్రాణం పెడతారు.

అందుకని అక్కయ్య గడపకి ఇవతల కుర్చీ వేసుకుని, వరండా బల్బు నుంచి ఏటవాలుగా వచ్చే కాస్త వెలుతురులో రాసేది. అలా రాస్తూ ఒకసారి ఎనిమిదిని మూడు చేసింది. ఒక మెమో వచ్చింది. ఇంకోసారి ఒకాయన ఇంటికి తూర్పున ఉన్న బావిని పడమటికి మార్చింది. రెండో మెమో వచ్చింది. మూడో మెమో వస్తే విచారణ. విచారణ తేలేదాకా పింఛను ఆగుతుంది. ఆ ఆఫీసులో విచారణలు తేలడానికి పట్టే కాలం మనిషి ఆయుర్దాయంతో పోటీ పడుతుంది. ఆవిడ రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలు. పొద్దున్నే ఆఫీసు మెట్లెక్కుతూ ఇవాళ ఒక్క అక్షరం తప్పు పోకుండా ఉంటే చాలురా భగవంతుడా అనుకునేది. అంతకు మించి పెద్ద కోరికలు ఆవిడకి లేవు.

ఆవిడ భర్త టైలరు. సూదిలో దారం ఎక్కించేవాడికి వెలుతురు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆవిడ కళ్లు ఎర్రగా చేసుకుని ఇంటికొస్తే, ఇలా పంపించినవాడిని ఒక్కరోజు నా షాపులో కూర్చోబెట్టి చీకట్లో కాజాలు కుట్టించాలని ఆయన తిట్టేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఇలా సర్వం సక్రమంగా సాగుతుండగా, పెద్దసారు ఎక్కడో మూడురోజుల సదస్సుకి వెళ్లొచ్చారు. అక్కడ ప్రతి టేబులు మీదా ఒక మొక్క ఉందట. వచ్చీ రాగానే సిబ్బందిని నిలబెట్టి ఒక గంటా పది నిమిషాలు మాట్లాడారు.

"మొక్క అంటే ఏమిటి? మొక్క అంటే జీవి. నోరు లేని జీవి. అడగలేదు కదా అని దాని అవసరం మనం పట్టించుకోకపోతే మనం మనుషులమేనా అని అడుగుతున్నాను. నా ఆఫీసులో ఏ ఒక్క జీవీ చీకట్లో మగ్గడానికి వీల్లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అక్కయ్య కూడా కొట్టింది. చీకట్లో కొట్టడం వల్ల ఎవరికీ కనిపించలేదు.

పన్నెండు కుండీలు వచ్చాయి. నెల తిరక్కుండానే పన్నెండూ పసుపుపచ్చగా వాలిపోయాయి. ఎవరో ఒక అమాయకుడు బీరువాలు కాస్త జరిపితే ఎండ వస్తుంది కదండీ అన్నాడు. బీరువాలు జరపాలంటే వాటిలో ఉన్నదేమిటో ముందు జాబితా రాయాలి, జాబితా రాయాలంటే వెలుతురు కావాలి కాబట్టి ఆ సూచన అక్కడితో ఆగింది. మొక్కలు పెంచే కృత్రిమ దీపాలు కొనాలని, వాటిని ఎక్కడ ఎంత ఎత్తున వేలాడదీయాలో తేల్చాలని హరిత కాంతి ఎంపిక మరియు స్థాన నిర్ణయ కమిటీ వేశారు. దానికి సూపరింటెండెంటు అధ్యక్షుడు. కమిటీ తొమ్మిదిసార్లు కూర్చుంది. ఆరో సమావేశంలో కమిటీ పేరులో 'మరియు' ఉండాలా వద్దా అని చర్చించారు. ఉండాలనే తేలింది.

ఏడో సమావేశానికి దీపాల కంపెనీ ఏజెంటు రెండు దీపాలు పట్టుకొచ్చాడు. ఒకటి తెల్లది. పగటి వెలుతురులా ఉంటుంది, మొక్కలకీ మంచిది, దాని కింద కూర్చుని పేపరు కూడా చదువుకోవచ్చు అన్నాడు. రెండోది ఊదారంగు. అందులో ఎర్రటి వెలుతురు పాలు ఎక్కువ, నీలం కొంచెం. మొక్క తన తిండి వండుకోడానికి ఎక్కువగా ఈ రెండు రంగులే వాడుకుంటుందట. ఇది మొక్కకి బలం గానీ మనిషి కంటికి ఏమంత బాగుండదు అని ఉన్నమాట చెప్పాడు. దీపం డబ్బా మీద 'మొక్కలకు మాత్రమే' అని రాసి కూడా ఉంది.

ఆ మాట వినగానే సూపరింటెండెంటు మొహం విప్పారింది. తెల్లదీపం పెడితే ఏమవుతుంది? సిబ్బంది దాని కింద చేరి చదువుకుంటారు. మొక్కల కోసం మంజూరైన వెలుతురు మనుషుల పాలవుతుంది. రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఎవరు జవాబు చెప్పాలి? కమిటీ ఏకగ్రీవంగా ఊదారంగు దీపాలకే ఓటేసింది. ఏజెంటు వదిలేసి వెళ్లిన తెల్లదీపం నమూనాని గుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి, 'మనుషులకు ఉపయోగపడే ప్రమాదం ఉన్నది' అని చీటీ అంటించి సామాన్ల గదిలో భద్రపరిచారు.

ఇక దీపాల ఎత్తు. ఈ విషయంలో ఆఫీసు ఎలక్ట్రీషియన్ తనకు తోచింది చెప్పబోయాడు. నీడలో బతికే మొక్కకి దీపం దూరంగా ఉండాలి, ఎండ కావలసిన దానికి దగ్గరగా ఉండాలి, మరీ దగ్గరైతే ఆకు మాడుతుంది, మరీ దూరమైతే మొక్క వెలుతురు కోసం మెడ సాచి సన్నగిల్లిపోతుంది అన్నాడు. "మొక్కని చూసి పెట్టాలండీ, పక్కన కూర్చున్న మనిషిని చూసి కాదు" అని కూడా అన్నాడట. క్రమశిక్షణ లేని ఈ మాటకి అతని దగ్గర సంజాయిషీ తీసుకుని, కమిటీ తన శాస్త్రీయ విధానాన్ని ఖరారు చేసింది. పెద్దసారి మొక్కకి దీపం నాలుగంగుళాల ఎత్తున. సూపరింటెండెంటు మొక్కకి ఎనిమిదంగుళాలు. సెక్షన్ పెద్దల మొక్కలకి అడుగు. అలా హోదా తగ్గేకొద్దీ దీపం పైకి పోతుంది. జనం కూర్చునే హాల్లో ఉన్న గులాబీకి ఏ హోదా లేదు కాబట్టి దాని దీపం సీలింగుకే బిగించారు.

మూడు వారాల్లో ఫలితాలు కనబడ్డాయి. పెద్దసారి గదిలో, వాడని జిరాక్సు మిషను మీద కొలువుతీరిన వెడల్పాటి ఆకుల మొక్క అసలు నీడలో పెరిగే జాతి. నాలుగంగుళాల దూరంలో రోజంతా వేడీ వెలుతురూ కాసేసరికి దాని ఆకులు అంచులు మాడి అప్పడాల్లా పెళపెళలాడాయి. హాల్లో గులాబీ సీలింగు దాకా ఎగబాకాలని ఆశపడి, పుల్లలా సాగి, ఒక పక్కకి వాలిపోయింది. కమిటీ ఈ రెండింటినీ పరిశీలించి మొదటిదానికి తెగులని రాసింది. రెండోది నెలకి తొమ్మిదంగుళాలు పెరిగింది కనుక అద్భుత ప్రగతి అని రాసి ఫోటో తీయించింది. ఆ ఫోటోలో గులాబీని ఇద్దరు చెరో వైపూ పట్టుకుని నిలబడ్డారు.

మొక్కల హక్కుల మీద కూడా ఒక సర్క్యులరు వచ్చింది. మొక్కలకి రోజూ కనీసం ఎనిమిది గంటల చీకటి విశ్రాంతి తప్పనిసరి. సాయంత్రం ఆరు దాటాక వాటిని పనిచేయించరాదు, అంటే దీపం వేయరాదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లందించాలి. మొక్కల ఎదుట ఎవరూ గట్టిగా మాట్లాడరాదు, గద్దించరాదు, ఉల్లంఘించినవారు ఆవరణలోంచి పంపివేయబడుదురు. ఇవి మనుషులకి వర్తించవని, ఎవరూ పొరబడకుండా, చివర స్పష్టంగా వేశారు.

ఈ మొక్కల ఆలనాపాలనా ఎవరికివ్వాలని వెతికితే అందరి చూపూ అక్కయ్య మీద పడింది. ఆడవాళ్ల చెయ్యి చల్లని చెయ్యి అన్నాడు సూపరింటెండెంటు. నిజానికి అక్కయ్య జీవితంలో ఒక్క విత్తనం నాటి ఎరగదు. మొగుడు టైలరు కావడంతో చొక్కాకి గుండీ కూడా కుట్టి ఎరగదు. అయినా ఆవిడ చేతికి ఒక మొక్కల రిజిస్టరు ఇచ్చారు. వరుస నంబరు, జాతి, ఉన్న చోటు, నీళ్లు, ఎదుగుదల, ఆరోగ్యం అని గళ్లు గీసి ఉన్నాయి. నకళ్ల పని నకళ్లదే. అరుపులు అరుపులవే.

అయితే ఈ కొత్త కొలువు వల్ల ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. పెద్దసారి మొక్క చావుబతుకుల్లో ఉంది కదా, చికిత్స కోసం కొన్నాళ్లు నా బల్ల మీద పెట్టుకుంటాను అని రాసిచ్చింది. తన గదిలో మొక్క చచ్చిందన్న అప్రతిష్ఠ పెద్దసారికి ఇష్టం లేదు. మొక్కని, దాని దీపంతో సహా, 'వైద్య కారణాల మీద' నకళ్ల విభాగానికి బదిలీ చేశారు. మూడు అర్జీలతో ఆరేళ్లలో రాని వెలుతురు, ఒక మొక్కకి ఒళ్లు బాగోకపోవడంతో పూటలో వచ్చింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి దీపాన్ని అడుగున్నర ఎత్తున వేలాడదీశాడు. టైలరుగారు ఇంట్లో కుట్టి పంపిన గుడ్డ పట్టీతో ఎత్తు సరిచేసుకునే ఏర్పాటు కూడా చేశాడు. "ఈ ఎత్తయితే మొక్కకీ నీకూ ఇద్దరికీ సరిపోతుందక్కా" అన్నాడు. స్విచ్చి వేయగానే బల్ల మీద కాగితం కనిపించింది. ఊదాగానే కనిపించనీ, కనిపించింది. నల్లసిరా గీతలు, సున్నాలు, కొమ్ములు, అన్నీ. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆవేళ అక్కయ్యకి కళ్లనీళ్లాగలేదు. ఎలక్ట్రీషియన్ చూసీ చూడనట్టు నిచ్చెన మడుచుకుని వెళ్లిపోయాడు.

నెలరోజుల్లో మొక్క కొత్త ఆకులు వేసింది. అక్కయ్య నకళ్లలో ఒక్క తప్పు లేదు. ఒక్కటే ఇబ్బంది. సూపరింటెండెంటు ఎర్రసిరాతో పెట్టే టిక్కులు ఆవిడకి కనిపించడం మానేశాయి. ఆ ఎర్రటి వెలుతురు కాగితమంతా పరుచుకునేసరికి పాత రిజిస్టర్లలో వెలిసిన ఎర్రసిరా అందులో కలిసిపోయేది. ఆవిడ నియమం తప్పని మనిషి. వెంటనే రాతపూర్వకంగా పైకి తెలిపింది. పెద్దసారి సంతకంతో జవాబు వచ్చింది: "సదరు దీపం మొక్కల నిమిత్తం. మొక్కలకు ఎర్రసిరా చదివే అవసరం కలగదు. ఈ విషయం ముగించడమైనది." అక్కయ్య ఆ జవాబుని ఫైల్లో పెట్టుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆవిడ నేర్చుకున్న విద్య అదొక్కటే, కాగితం దాచడం.

ఇంతలో పెద్దసారి హరిత సేవలు పైదాకా పాకి, ఆయన పేరు ఇంకా పెద్ద పదవికి పరిశీలనలోకి వచ్చింది. దానికి ఆయన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నకలు కావాలి. మధ్యాహ్నం పన్నెండింటికి సూపరింటెండెంటు పరుగున వచ్చి గంటలో కావాలన్నాడు. తప్పు పోయిందో మూడో మెమో నా చేత్తో నేనే రాస్తాను అని ప్రోత్సహించాడు కూడా.

అక్కయ్య రిజిస్టరు తెచ్చి దీపం కింద పరిచింది. పేరు, చదువు, పుట్టుమచ్చలు, పుట్టిన తేదీ. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, రెండుసార్లు చదివి, నల్లగా కనిపించినదంతా రాసింది. అడుగున 'ఉన్నది ఉన్నట్టు రాసిన నకలు' అని సంతకం పెట్టింది. సూపరింటెండెంటు టీ గుటకకీ గుటకకీ మధ్య ముద్ర కొట్టాడు. చదవలేదు. పెద్దసారు కూడా చదవలేదు. తన పుట్టిన తేదీ తనకి తెలియదా ఏమిటి?

పదిహేను రోజులకి పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు పంపిన ధ్రువీకృత నకలు ప్రకారం మీరు నాలుగు నెలల కిందటే పదవీ విరమణ చేసి ఉండాలి. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో ఏ హక్కుతో కూర్చున్నారో తెలుపుతూ తక్షణం లేవవలసింది అని దాని సారాంశం.

జరిగిందేమిటంటే, పెద్దసారు ఉద్యోగంలో చేరినప్పుడు రిజిస్టరులో నల్లసిరాతో ఒక తేదీ వేశారు. పదేళ్ల తర్వాత ఎవరో మంచి మనసున్నవాళ్లు దాని మీద ఎర్రసిరాతో సన్నగా ఒక గీత గీసి, పైన ఇంకో తేదీ రాశారు. ఆ గీతతో పెద్దసారు మూడేళ్లు చిన్నవారయ్యారు. ఎర్రసిరా ఉన్నంతకాలం ఆయన వయసుకి ఏ లోటూ రాలేదు.

పెద్దసారు ఊగిపోతూ రికార్డుల గదికి వచ్చారు. చేతిలో మూడో మెమో. మొక్క ఎదుట గట్టిగా మాట్లాడకూడదన్న తన సర్క్యులరు తానే మరిచి, ముప్ఫై ఏళ్లుగా కళ్లు మూసుకుని రాస్తున్నావా అని కేకలు వేశారు. విచారణ పడేస్తాను, పింఛను ఎలా వస్తుందో చూస్తాను అన్నారు. అక్కయ్య మెమో అందుకుని, అలవాటు ప్రకారం దీపం కిందికి జరిపి, మొదటినుంచి చివరిదాకా చదివింది.

"సార్, దీని మీద సంతకం ఏ హోదాలో పెట్టారో రాయలేదు" అంది. "మీరు నాలుగు నెలల కిందటే రిటైరయ్యారట కదా."

 సూపరింటెండెంటు మొక్క ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

సంగతి తేల్చడానికి పై ఆఫీసు నుంచి విచారణాధికారి వచ్చాడు. నిజాయితీగల మనిషి, నియమమంటే నియమం. రిజిస్టరుని అక్కయ్య బల్ల మీద పరిపించి, కళ్లజోడు తుడుచుకుని, వంగి చూశాడు. కమిటీ అంతా వంగి చూసింది. ఊదారంగు వెలుతురులో నల్లటి తేదీ ఒక్కటే తేటతెల్లంగా ఉంది. ఎర్రగీత కాగితంలో కలిసిపోయింది. మామూలు లైటు కింద చూడండి మహాప్రభో అని పెద్దసారు బతిమాలుకున్నారు.

"ఈ గదిలో మామూలు లైటు ఏదీ?" అని అడిగాడు విచారణాధికారి.

అక్కయ్య ఫైలు తెరిచింది. మూడు అర్జీలు, మూడు జవాబులు, మూడు ముత్యాల్లాంటి సంతకాలు. పోనీ టేబులులైటు తెప్పించండి అంటే, వెనక్కి పంపిన కాగితం ఉంది. ఫోను టార్చి వేద్దామంటే నిషేధపు సర్క్యులరు గోడకే అంటించి ఉంది. రిజిస్టరుని వరండాలోకి తీసుకెళ్దామంటే గడప సర్క్యులరు. ఎర్రసిరా కనిపించదని ముందే రాసిన అర్జీ, దానికి 'ముగించడమైనది' అన్న జవాబు అన్నిటికన్నా పైన ఉన్నాయి. విచారణాధికారి అన్నీ ఓపిగ్గా చదివాడు. ఇంత పకడ్బందీగా నడిచే ఆఫీసు నేను చూడలేదని పెద్దసారికి నిండు మనసుతో అభినందనలు చెప్పి, నకలు సరైనదేనని, ఉన్నది ఉన్నట్టే ఉందని రాసి, ఊదారంగు వెలుతురులోనే సంతకం పెట్టాడు.

పెద్దసారికి ఘనంగా వీడ్కోలు సభ జరిగింది. ఆఫీసులో వెలుగులు నింపిన మహనీయుడని సూపరింటెండెంటు గద్గద స్వరంతో అన్నాడు. సాగిపోయిన గులాబీని, దాని సీలింగు దీపాన్ని జ్ఞాపికగా ఇచ్చారు.

ఆ సాయంత్రం టైలరుగారు కత్తెర పక్కన పెట్టి పెళ్లాం వంక చూశాడు. "నిజం చెప్పు. నీకు ఆ ఎర్రగీత తెలీదా?"

"ఆ రిజిస్టరు పదిసార్లు మోసినదాన్ని. ఎందుకు తెలీదూ" అంది అక్కయ్య. "తెలిసింది రాయమని ఎవరూ చెప్పలేదండీ. కనిపించింది రాయమన్నారు."

టైలరుగారు చాలాసేపు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఎందుకంటే అదేరోజు ఆవిడ చేతికి ఇంకో కాగితం వచ్చింది. చికిత్సలో ఉన్న మొక్కకి పూర్తి ఆరోగ్యం చేకూరినందున, దాన్ని దీపంతో సహా తిరిగి పెద్దసారి గదికి పంపవలసింది. కొత్త పెద్దసారు సోమవారం వస్తున్నారు. తక్కిన మొక్కలు పదీ అప్పటికే కాలం చేశాయి కాబట్టి, బతికున్న ఒక్కటీ ఆయన గదిలో ఉండడం మర్యాద.

సోమవారం అక్కయ్య మళ్లీ గడప దగ్గరికి కుర్చీ లాక్కుంది. మంగళవారం ఒక నకలులో ఆరుకి బదులు సున్నా వేసి, అదృష్టం బాగుండి ముద్ర పడకముందే చూసుకుంది.  బుధవారం నాలుగో అర్జీ పట్టుకుని కొత్త పెద్దసారి దగ్గరికి వెళ్లింది.

కొత్త పెద్దసారు మెత్తని మనిషి. కూర్చోమన్నారు. మంచినీళ్లిప్పించారు. అర్జీ అంతా చదివి నిట్టూర్చారు.

"చాలా బాధగా ఉందమ్మా. కానీ మనుషులకి వెలుతురు పద్దు లేదు. మొక్కలకి మూడేళ్ల పథకం ఉంది. మనుషులకి ఏ కాగితం మీద ఇవ్వను, నువ్వే చెప్పు."

అక్కయ్య లేచి నమస్కారం పెట్టి తన బల్ల దగ్గరికి వచ్చింది.  ఆ తర్వాత మొక్కల రిజిస్టరు తీసి, గడపదాకా వెళ్లి, వరండా బల్బు వెలుతురులో తన గుండ్రటి రాతతో గళ్లు నింపింది. వరుస నంబరు: పదమూడు. జాతి: నీడలో బతికేది. ఉన్న చోటు: నకళ్ల విభాగం. నీళ్లు: పూటకి రెండు గ్లాసులు. ఎదుగుదల: ముప్ఫై ఒక్క ఏళ్లుగా లేదు. ఆరోగ్యం: వెలుతురు ఉంటే ఫర్వాలేదు. దానికి ఒక దీపం మంజూరు చేయవలసిందిగా కోరుతూ పైకి పంపింది.

కొత్త పెద్దసారు చదివి సంతకం పెట్టారో, చదవక పెట్టారో మాకు తెలియదు. రెండోరోజు ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో వచ్చాడు. ఊదారంగు దీపాలన్నీ చచ్చిన మొక్కల పేర రాసి ఉన్నందున వాటిని కదపడానికి వీల్లేదు. సామాన్ల గదిలో లక్కముద్ర వేసిన తెల్లదీపం ఒక్కటే ఏ మొక్కకీ రాసి లేదు. దాన్నే తెచ్చి అడుగున్నర ఎత్తున కట్టి, స్విచ్చి వేశాడు.

నల్లసిరా, ఎర్రసిరా, ఆకుపచ్చ ముద్రలు, అన్నీ బయటపడ్డాయి.

ఇప్పుడు అక్కయ్య సుఖంగా ఉంది. నియమం ప్రకారం పూటకి రెండు గ్లాసుల నీళ్లు బల్ల దగ్గరికే వస్తున్నాయి. సాయంత్రం ఆరయితే దీపం ఆర్పేసి విశ్రాంతికి పంపేస్తున్నారు. పోయిన వారం తనిఖీ బృందం వచ్చి, రిజిస్టరు చూసి, ఆవిడని చూసి, పదమూడో మొక్క ఏపుగా లేకపోయినా పచ్చగా ఉందని రాసి వెళ్లింది.

మీరు ఎప్పుడైనా నకలు కోసం ఆ కిటికీ దగ్గరికి వెళ్తే ఒక్క విషయం గమనించండి. అక్కడ ఇప్పుడు ఒక బోర్డు ఉంది: ఇక్కడ మొక్క ఉన్నది, గట్టిగా మాట్లాడరాదు. దాన్ని చూసి జనం గొంతు తగ్గిస్తున్నారు. వరుసలో నిలబడుతున్నారు. ఆలస్యమైనా ఓర్చుకుంటున్నారు. కొందరు లోపలికి తొంగిచూసి, పాపం, దానికి సరిగ్గా నీళ్లు పోస్తున్నారా అని కూడా అడుగుతున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు అక్కడ మనిషి కూర్చున్నప్పుడు మీలో ఒక్కరూ ఆ మాట అడిగినట్టు ఏ రిజిస్టరులోనూ లేదు. ఇప్పుడు వెలుతురు బాగానే ఉంది కాబట్టి, ఆవిడ అన్నీ రెండేసిసార్లు వెతికి చూసింది.